బయాప్సీ

బయాప్సీ లేదా కణజాల పరీక్ష అనగా బ్రతికి ఉన్న మనిషి శరీరం నుండి ఒక చిన్న ముక్కను గాని, కొన్ని కణాలను గాని తీసి, సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించి వ్యాధిని నిర్ధారించే పద్ధతి. తెలుగునాట ఆసుపత్రులలో దీనిని వాడుకగా "ముక్క పరీక్ష" అంటారు. సన్నని సూదితో కణాలను మాత్రమే పీల్చి చేసేదానిని "సూది పరీక్ష" అంటారు. క్షయ, కుష్టు, కాలేయ వ్యాధులు, మూత్రపిండాల వ్యాధులు మొదలైనవాటి నిర్ధారణకు కూడా బయాప్సీ చేస్తారు. అయినా ఆ మాట వినగానే అందరికీ తోచేది కాన్సరే. వైద్యుడు బయాప్సీ చేయించమన్నాడంటే కాన్సరు ఉందని అర్థం కాదు. ఉన్నదీ లేనిదీ తేల్చవలసిన అవసరం వచ్చిందని మాత్రమే అర్థం. ఉదాహరణకు, రొమ్ములో చేతికి తగిలే గడ్డలలో అధిక భాగం కాన్సరు కానివే.

పేరు

గ్రీకు భాషలో "బయోస్" అంటే జీవితం, "ఆప్సిస్" అంటే చూపు. ఈ రెండింటినీ కలిపి 1879లో ఫ్రెంచి చర్మవైద్యుడు ఎర్నెస్ట్ బెనియే ఈ పదాన్ని సృష్టించాడు. అంతకు మునుపు రోగి మరణించిన తరువాత శవాన్ని కోసి చూస్తే గాని లోపలి వ్యాధి ఏమిటో తెలిసేది కాదు. రోగి ప్రాణాలతో ఉండగానే, చికిత్సకు ఇంకా అవకాశం ఉండగానే చూడగలగడం ఈ పేరులోని విశేషం.

కాన్సరును గుర్తించడానికి ముక్క ఎందుకు

మానవ శరీరంలోని కణాలు అవసరాన్ని బట్టి విభజన చెందుతూ, పాతబడినవి నశిస్తూ ఉంటాయి. ఈ రాకపోకలను కణంలోని జన్యువులు అదుపులో ఉంచుతాయి. పొగాకు, సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు, కొన్ని రకాల వైరసులు, వంశపారంపర్యంగా వచ్చిన లోపాలు, లేదా కేవలం విభజన సమయంలో యాదృచ్ఛికంగా దొర్లే తప్పులు ఆ జన్యువులను మార్చివేస్తాయి. అటువంటి మార్పులు ఒకదాని మీద ఒకటి పేరుకున్నప్పుడు ఆ కణం అదుపు తప్పి అదేపనిగా పెరుగుతుంది.

అయితే పెరిగిన ప్రతి గడ్డా కాన్సరు కాదు. చర్మం క్రింద ఏర్పడే కొవ్వుగడ్డ ఏళ్ళ తరబడి పెరిగి నిమ్మకాయంత అయినా తన హద్దు దాటదు. కాన్సరు లక్షణం హద్దు దాటడం. చర్మం, నోటి లోపలి పొర, పేగుల లోపలి పొర వంటివాటి అడుగున ఆధారత్వచం అనే పలుచని పొర ఉంటుంది. పొలంలో మడికి గట్టు ఎటువంటిదో కణాలకు ఈ పొర అటువంటిది. కణాలు వికృతంగా మారినప్పటికీ గట్టుకు లోపలే ఉన్నంతవరకు అది కాన్సరుకు ముందు దశ. గట్టు తెంచుకొని క్రిందికి దిగితే కాన్సరు. అక్కడి నుండి రసనాళాల లోనికి, రక్తనాళాల లోనికి ప్రవేశించి దూరపు అవయవాలలో మళ్ళీ మొలకెత్తగలదు.

ఈ గట్టు తెగిందా లేదా అన్నది కంటికి కనిపించదు, చేతికి తగలదు. ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్‌ఐ చిత్రాలు గడ్డ ఎక్కడ ఉందో, ఎంత ఉందో, చుట్టూ ఉన్న అవయవాలను ఎంతగా ఆక్రమించిందో చూపిస్తాయి. అనుమానాన్ని పెంచగలవు, తగ్గించగలవు. కాని ఆ గడ్డలోని కణం ఏ జాతిదో అవి చూపలేవు. ఊపిరితిత్తిలో కనిపించిన మచ్చ కాన్సరు కావచ్చు, క్షయ కావచ్చు, బూజు జాతి సూక్ష్మజీవుల వల్ల వచ్చిన వ్యాధి కావచ్చు. క్షయ విస్తారంగా ఉన్న భారతదేశంలో ఇది పుస్తకాలకు పరిమితమైన సందేహం కాదు. ఎక్స్‌రేలో మచ్చ చూసి, కఫంలో క్షయ క్రిములు కనిపించకపోయినా నెలల తరబడి క్షయ మందులు వాడి, చివరకు ముక్క పరీక్షలో ఊపిరితిత్తుల కాన్సరుగా తేలిన రోగులు వైద్యులకు తరచుగా ఎదురవుతారు. దీనికి విపర్యయం కూడా ఉంది. మెడలో గడ్డలు లేచి కాన్సరని భయపడిన మనిషికి పరీక్షలో క్షయ అని తేలి, మందులతో పూర్తిగా నయమవుతుంది.

రక్తంలో చూసే కాన్సరు సూచకాలు కూడా నిర్ధారణకు చాలవు. ప్రోస్టేటు గ్రంథికి సంబంధించిన పీఎస్‌ఏ వయసుతో వచ్చే సాధారణ వాపులోనూ పెరుగుతుంది. అండాశయానికి సంబంధించిన సీఏ-125 పొత్తికడుపులోని క్షయ వలన కూడా పెరుగుతుంది.

చరిత్ర: ఒక చక్రవర్తి గొంతు

వ్యాధులకు మూలం కణమేనని జర్మను శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్కో 1858లో ప్రతిపాదించాడు. ఆధునిక రోగలక్షణ శాస్త్రానికి ఆయనను పితామహునిగా భావిస్తారు. బయాప్సీ చరిత్రలో అన్నిటికంటె ప్రసిద్ధమైన ఘట్టంలోనూ ఆయనే ఉన్నాడు.

1887 ఆరంభంలో జర్మను యువరాజు ఫ్రెడరిక్‌కు గొంతు బొంగురుపోయింది. ఎడమ స్వరతంత్రి మీద చిన్న కంతి కనిపించింది. దానిని కాల్చి తీసివేసినా మళ్ళీ పెరిగింది. జర్మను వైద్యులు కాన్సరుగా అనుమానించి, గొంతు కోసి ఆ భాగాన్ని తొలగించాలన్నారు. ఆ రోజులలో అటువంటి శస్త్రచికిత్స ప్రాణాంతకం. బ్రతికినా మాట పోయే ప్రమాదం ఉంది. లండను నుండి పిలిపించిన గొంతు వైద్యుడు మోరెల్ మెకంజీ, ముక్క పరీక్షలో కాన్సరని తేలనిదే కత్తి పెట్టకూడదని పట్టుబట్టాడు. ఆయన నోటి గుండా పట్టకారు పంపి తీసిన ముక్కలను విర్కోకు పంపారు. విర్కో వాటిలో కాన్సరు కనిపించలేదన్నాడు. మళ్ళీ తీసిన ముక్కలకూ అదే సమాధానం వచ్చింది. శస్త్రచికిత్స మానివేశారు.

అదే ఏడాది నవంబరు నాటికి కాన్సరన్నది స్పష్టమయింది. 1888 ఫిబ్రవరిలో ఊపిరాడక గొంతుకు రంధ్రం చేయవలసి వచ్చింది. మార్చి 9న తండ్రి మరణించగా ఫ్రెడరిక్ చక్రవర్తి అయ్యాడు. మాట పోయినందున కాగితాల మీద రాసి ఆజ్ఞలిస్తూ 99 రోజులు పాలించి, జూన్ 15న మరణించాడు. శవపరీక్షలో స్వరపేటిక కాన్సరు రుజువయింది. తరువాత సింహాసనమెక్కినవాడు ఆయన కుమారుడు, మొదటి ప్రపంచయుద్ధ కాలపు చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్. ఉదారవాదిగా పేరున్న ఫ్రెడరిక్ బ్రతికి ఉంటే ఐరోపా చరిత్ర మరోలా ఉండేదా అని చరిత్రకారులు చర్చిస్తూనే ఉంటారు. అది తేలే విషయం కాదు.

వైద్యశాస్త్రానికి సంబంధించినంత వరకు విర్కో తప్పు చదివాడా అన్నది ప్రశ్న. ఆయన తన నివేదికలోనే, ఈ తీర్పు తనకు అందిన ముక్కలకు వర్తిస్తుందని, రోగమంతటికీ వర్తిస్తుందో లేదో వాటిని బట్టి చెప్పలేనని జాగ్రత్త పడ్డాడు. పై పైన గిల్లిన ముక్కలలో గట్టు తెగిన చోటు రాకపోయి ఉండవచ్చు. నివేదికలోని ఆ షరతును చుట్టూ ఉన్నవారు పట్టించుకోలేదు. ముక్క తన గురించి మాత్రమే సాక్ష్యం చెబుతుంది అనే నియమాన్ని ఈనాటికీ ఈ ఉదంతంతోనే వైద్య విద్యార్థులకు వివరిస్తుంటారు.

ముక్క తీసే పద్ధతులు

గడ్డ ఉన్న చోటును బట్టి, అనుమానాన్ని బట్టి పద్ధతి మారుతుంది. అన్నిటికంటె తేలికైనది సూది పరీక్ష. రక్తం తీసే సూది కంటె కూడా సన్నగా ఉండే సూదిని గడ్డలోనికి గుచ్చి, కణాలను పీల్చి, గాజు పలక మీద పూసి రంగు వేస్తారు. న్యూయార్కులో హేస్ మార్టిన్, ఎడ్వర్డ్ ఎల్లిస్ అనేవారు 1930లో దీనిని వివరించారు. ఖర్చు తక్కువ, మత్తు అవసరం లేదు, ఫలితం తరచుగా ఒకటి రెండు రోజులలో వస్తుంది. అందువలన మెడ, రొమ్ము, థైరాయిడ్ గడ్డలకు భారతదేశంలో ఇది బాగా వాడుకలో ఉంది. దీని లోపం ఏమంటే కణాలు విడివిడిగా వస్తాయి కాని అవి ఉన్న అమరిక రాదు. ఇల్లు కూల్చి ఇటుకలు చూపిస్తే ఎన్ని గదులు ఉండేవో చెప్పలేనట్లు, థైరాయిడ్‌లో ఫాలిక్యులర్ రకపు గడ్డ కాన్సరా కాదా అన్నది సూది పరీక్షతో తేలదు. గడ్డ చుట్టూ ఉన్న తొడుగును కణాలు చీల్చుకొని పోయాయా అన్నదే అక్కడ తీర్పు. అందుకు గడ్డ మొత్తం కావాలి.

లావుపాటి బోలు సూదితో పెన్సిలు ములుకు వంటి సన్నని కండెను తీయడం మరొక పద్ధతి. స్థానికంగా మత్తు ఇచ్చి, అల్ట్రాసౌండు లేదా సీటీ చిత్రాన్ని చూస్తూ సూదిని నడిపిస్తారు. రొమ్ము, ప్రోస్టేటు, కాలేయం, ఊపిరితిత్తులలో నేడు ఎక్కువగా చేసేది ఇదే. అమరిక కూడా వస్తుంది గనుక దీని తీర్పు సూది పరీక్ష కంటె గట్టిది. అన్నవాహిక, జీర్ణాశయం, పెద్దపేగు వంటి చోట్ల ఎండోస్కోపు గొట్టం ద్వారా చిన్న చిమటా పంపి ముక్కలు గిల్లుతారు. లోపలి పొరలో నొప్పి తెలిపే నరాలు లేనందున గిల్లిన సంగతి రోగికి తెలియదు. చర్మానికి గుండ్రని పంచి వాడతారు. పెద్ద గడ్డ నుండి కొంత భాగాన్ని, చిన్న గడ్డ అయితే మొత్తాన్ని కత్తితో కోసి తీసే పాత పద్ధతి కూడా అవసరాన్ని బట్టి కొనసాగుతూనే ఉంది.

రక్తకాన్సరులో గడ్డ ఉండదు. కటి ఎముక వెనుక భాగం నుండి మూలుగను తీస్తారు. ఇక్కడ తెలుగువారికి సంబంధించిన ఒక విషయం ఉంది. 1948లో బోస్టను నగరంలో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరు సోకిన పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, కొంతకాలమైనా వ్యాధి తగ్గుముఖం పట్టించవచ్చని తొలిసారి ప్రకటించాడు. ఆ మందును తయారుచేసింది భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ శాస్త్రవేత్తల బృందం. ఫార్బర్ వృత్తిరీత్యా పిల్లల వైద్యుడు కాదు, కణజాలాన్ని పరీక్షించే పాథాలజిస్టు. పిల్లల రక్తంలోను, మూలుగలోను వచ్చిన మార్పులను చూసే మందు పనిచేస్తున్నదని నిర్ధారించగలిగారు.

ప్రయోగశాలలో

తీసిన ముక్కను వెంటనే ఫార్మలిను ద్రావణంలో వేయాలి. లేకుంటే కణాలు తమలోని ఎంజైములతోనే కరిగి చెడిపోతాయి. మంచినీటిలోనో, సెలైనులోనో గంటల తరబడి ఉంచి తెచ్చిన ముక్క నుండి ఎంతటి నిపుణుడైనా రాబట్టగలిగేది తక్కువ. ఫార్మలిను కణాలను పాడుకాకుండా స్థిరపరుస్తుందని 1893లో ఫెర్డినాండ్ బ్లూమ్ గుర్తించాడు. నేటికీ దానిదే పెత్తనం. తరువాత ముక్కలోని నీటిని ఆల్కహాలుతో తొలగించి, కరిగిన పారాఫిన్ మైనం పట్టించి దిమ్మగా పోస్తారు. ఆ దిమ్మను మైక్రోటోము అనే యంత్రంతో 3 నుండి 5 మైక్రోమీటర్ల మందాన కోస్తారు. ఎర్ర రక్తకణం వ్యాసం సుమారు 7 మైక్రోమీటర్లు. అంటే ఆ పొర ఒక రక్తకణం కంటె పలుచన. దానిని గోరువెచ్చని నీటి మీద తేల్చి, గాజు పలక మీదికి ఎత్తి, రెండు రంగులు వేస్తారు. మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు చేవ నుండి వచ్చే హిమటాక్సిలిన్ కణకేంద్రాన్ని నీలంగా మారుస్తుంది. ఇయోసిన్ మిగతా భాగాన్ని గులాబీరంగుకు తెస్తుంది. గ్రీకుల ఉషోదేవత ఇయోస్ పేరే దానికి పెట్టారు.

ఈ దశలన్నింటికీ సమయం కావాలి. కండె బయాప్సీకి సాధారణంగా కొన్ని రోజులు, ఎముక ఉన్న ముక్కకు సున్నాన్ని కరిగించవలసి ఉంటుంది గనుక ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. నివేదిక ఆలస్యమైతే చెడ్డ వార్త అని రోగి బంధువులు అనుకోవడం పరిపాటి. నిజానికి ఆలస్యానికి, ఫలితానికి సంబంధం లేదు. శస్త్రచికిత్స జరుగుతుండగానే సమాధానం కావలసివస్తే ముక్కను గడ్డకట్టించి కోసి, దాదాపు 20 నిమిషాలలో చెప్పే పద్ధతి ఉంది. మేయో క్లినిక్‌లో లూయీ విల్సన్ 1905లో దీనిని వాడుకలోనికి తెచ్చాడు. కాన్సరును తొలగించిన చోట అంచులు శుభ్రంగా ఉన్నాయా అని చూడడానికి దీని ఉపయోగం ఎక్కువ. ఫలితం త్వరగా వచ్చినా చిత్రం అంత స్పష్టంగా ఉండదు గనుక, మైనపు దిమ్మ నివేదిక వచ్చేవరకు దానిని తుది తీర్పుగా తీసుకోరు.

నివేదికలో ఉండే విషయాలు

పాథాలజిస్టు కణకేంద్రాల పరిమాణం, ముదురురంగు, విభజన చెందుతున్న కణాల సంఖ్య, అన్నిటికీ మించి కణాల అమరిక చూస్తాడు. కాన్సరు ఉంటే అది ఏ కణం నుండి పుట్టిందో, సహజకణాలకు ఎంత దూరమైందో కూడా రాస్తాడు. ఈ రెండవదానిని గ్రేడు అంటారు. ప్రోస్టేటు కాన్సరుకు డొనాల్డ్ గ్లీసన్ 1966లో ప్రతిపాదించిన పద్ధతి కణాలను కాక, గ్రంథుల అమరికను మాత్రమే చూసి గ్రేడు నిర్ణయిస్తుంది. మార్పులతో అది నేటికీ వాడుకలో ఉంది. గ్రేడు వేరు, దశ వేరు. గ్రేడు కాన్సరు స్వభావాన్ని, దశ అది ఎంత దూరం వ్యాపించిందన్న సంగతిని తెలుపుతాయి. రోగులు ఈ రెండింటినీ కలిపివేసి, "గ్రేడు 3" అని చూసి మూడవ దశ అనుకొని క్రుంగిపోవడం తరచుగా జరుగుతుంది.

కణాల మీది ప్రోటీనులను ప్రత్యేక రంగులతో గుర్తించే పరీక్షలు కూడా అదే దిమ్మ నుండి చేస్తారు. రొమ్ము కాన్సరులో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరోన్ గ్రాహకాలు ఉన్నాయా, హెర్-2 ప్రోటీను అధికంగా ఉందా అన్నదాన్ని బట్టి చికిత్స మారిపోతుంది. హెర్-2 అధికంగా ఉన్నవారికి పనికివచ్చే ట్రాస్టుజుమాబ్ అనే మందుకు 1998లో అమెరికాలో అనుమతి లభించింది. పరీక్షలో హెర్-2 లేకపోతే ఆ ఖరీదైన మందు ఈ పనికి ఉపయోగపడదు. కనుక ముక్క పరీక్ష నేడు వ్యాధి పేరు చెప్పడంతో ఆగక, మందును ఎంపిక చేసే పని కూడా చేస్తున్నది.

మైనపు దిమ్మలు దశాబ్దాల తరబడి చెడవు. రెండవ అభిప్రాయం కావాలంటే రోగికి మళ్ళీ సూది గుచ్చనవసరం లేదు. దిమ్మను, గాజు పలకలను అడిగి తీసుకొని మరొక నిపుణునికి చూపవచ్చు. అయితే అసలు పరీక్షకే పంపని గడ్డకు దిమ్మ ఉండదు. చిన్న ఊళ్ళలో గడ్డ కోసి, "ఏమీ లేదు, కొవ్వుగడ్డే" అని పారవేయడం, ఏడాది తరువాత అదే చోట అది మళ్ళీ లేవడం కాన్సరు వైద్యులు తరచు వినే కథ. శరీరం నుండి తీసిన గడ్డను, అది ఎంత అమాయకంగా కనిపించినా, పరీక్షకు పంపాలని వైద్య గ్రంథాలు చెబుతాయి.

సూది గుచ్చితే కాన్సరు పాకుతుందా

తెలుగునాటనే కాక ప్రపంచమంతటా ఉన్న భయం ఇది. "కత్తి తగిలితే రేగుతుంది" అని ఇంటిలోని పెద్దలు అనడం, రోగి నెలల తరబడి పసర్లు, పట్లు వేయించుకోవడం, చివరకు గడ్డ పుండుపడి రావడం జరుగుతుంటుంది. బయాప్సీ చేసిన కొద్దికాలానికే వ్యాధి ముదిరినట్లు కనిపించడానికి ప్రధాన కారణం, అప్పటికే ముదిరిన స్థితిలో పరీక్షకు రావడం.

ఈ భయంలో సత్యం బొత్తిగా లేదని కూడా అనలేము. సూది వెళ్ళిన దారిలో కణాలు నాటుకొన్న సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. చాలా రకాల కాన్సర్లలో అవి మిక్కిలి అరుదు. కాలేయ కాన్సరులో మాత్రం నూటికి రెండు మూడు వరకు నమోదయ్యాయి. అందుకే సిర్రోసిస్ ఉన్న రోగి కాలేయంలోని గడ్డ, సీటీ లేదా ఎంఆర్‌ఐ చిత్రంలో కాన్సరు లక్షణాలను స్పష్టంగా చూపితే ముక్క తీయకుండానే చికిత్స చేస్తారు. వృషణంలో కాన్సరు అనుమానిస్తే సూది గుచ్చక, గజ్జ భాగం నుండి కోసి వృషణాన్నే తొలగించి పరీక్షిస్తారు. పిల్లల కంటిలో వచ్చే రెటినోబ్లాస్టోమాకు సాధారణంగా బయాప్సీ నిషిద్ధం. ఎముక కాన్సరు అనుమానం ఉన్నప్పుడు, తరువాత శస్త్రచికిత్స చేయబోయే వైద్యుడే సూది దారిని నిర్ణయించి, ఆపరేషనులో ఆ దారిని కూడా తొలగిస్తాడు. ప్రమాదం ఉన్న చోట్లు తెలుసు గనుకనే మిగతా చోట్ల ధైర్యంగా చేయగలుగుతున్నారు.

సాధారణంగా ఎదురయ్యే ఇబ్బందులు రక్తస్రావం, నొప్పి, అరుదుగా చీము పట్టడం. ఊపిరితిత్తికి సూది వేసినప్పుడు ఛాతీలోనికి గాలి చేరవచ్చు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి మందులు వాడేవారు ఆ సంగతి ముందుగా చెప్పాలి.

కాన్సరు లేదన్న నివేదిక

ఫ్రెడరిక్ ఉదంతం చూపినట్లు, ముక్కలో కాన్సరు కనిపించకపోవడం, శరీరంలో కాన్సరు లేకపోవడం ఒకటి కావు. సూది గడ్డ ప్రక్కగా పోయి ఉండవచ్చు. గడ్డ నడుమ చనిపోయిన కణాలే వచ్చి ఉండవచ్చు. అందువలన చేతి పరీక్ష, చిత్రం, ముక్క ఈ మూడూ ఒకే మాట చెబుతున్నాయా అని చూస్తారు. రొమ్ము గడ్డల విషయంలో ఇది ఖచ్చితమైన నియమం. పొసగకపోతే మళ్ళీ ముక్క తీస్తారు.

ముక్క ఎక్కడినుండి తీయాలన్నది ఎంత ముఖ్యమో ఉత్తర కోస్తా ఆంధ్ర నుండి ఒక ఉదాహరణ తెలుపుతుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెలలో ముఖ్యంగా స్త్రీలలో చుట్టను వెలిగించిన కొన నోటి లోపల ఉండేటట్లు కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది. దీనివలన ఇతర చోట్ల అరుదుగా కనిపించే అంగిలి కాన్సరు ఇక్కడ వస్తుంది. కాలిన అంగిలి అంతా తెల్లబారి, నడుమ ఎర్రని మచ్చలు ఉంటాయి. తెల్లని భాగం నుండి తీసిన ముక్క నిర్దోషిగా కనిపించవచ్చు. ఎర్రని మచ్చలలోను, పుండుపడిన చోటనే కాన్సరు దొరికే అవకాశం ఎక్కువ. నోటిలో మానని పుండు రెండు మూడు వారాలు దాటితే ముక్క పరీక్ష అవసరం. నోటి కాన్సర్లు భారతదేశంలో అధికం. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రి, విశాఖపట్నంలో టాటా మెమోరియల్ కేంద్రం నడిపే హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి వంటి ప్రభుత్వ సంస్థలలో ఈ పరీక్షలు చేస్తారు.

రక్తంతో చేసే పరీక్ష

కాన్సరు కణాలు నశించినప్పుడు వాటి డీఎన్‌ఏ తునకలు రక్తంలో కలుస్తాయి. వాటిని వెదికే పద్ధతికి ద్రవ బయాప్సీ అని పేరు. ఊపిరితిత్తుల కాన్సరులో ఈజీఎఫ్‌ఆర్ జన్యువులోని మార్పును రక్తం నుండి గుర్తించే పరీక్షకు 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. సూదికి అందని చోట గడ్డ ఉన్నవారికి, చికిత్స జరుగుతుండగా మందుకు లొంగని కణాలు పుట్టాయేమో చూడవలసినవారికి ఇది ఉపయోగకరం. తొలిదశ కాన్సరులో రక్తంలో చేరే తునకలు అతి స్వల్పం గనుక, దానిలో ఏమీ కనిపించనంత మాత్రాన కాన్సరు లేదనరు. ఏదైనా కనిపిస్తే అది ఏ అవయవంలో, ఏ రూపంలో ఉందో తెలుసుకోవడానికి సాధ్యమైనంత వరకు మళ్ళీ ముక్కనే తీస్తారు.